పాట వేసిన ముగ్గు

మా పెదనాయన గాబ్రియేలు మైదుకూరు పక్క పల్లెలో తప్పెటలు కట్టేవాడు. ఊళ్లకు ఊళ్లే జ్వరంతో మంచమెక్కిన ఏడు ఆయన బతికి బట్టకట్టాడు గానీ చెవులు రెండూ పోయాయి. మా పెద్దమ్మ విశ్వాసమ్మ గుడిలో కీర్తన ఎత్తుకుంటే దారిన పోయేవాళ్లు నిలబడేవాళ్లు. ఆ పాట ఆయనొక్కడికే లేకుండా పోయింది. అయినా ఆయన ఏడుస్తూ కూర్చునే రకం కాదు.

చెవిటివాడు తప్పెటేం కడతాడని జనం నవ్వారు. ఆయన బిగించిన తోలు మీద సన్నని వాగు ఇసుక చల్లి, అంచున వేలితో తట్టేవాడు. బిగువు సమంగా ఉంటే ఇసుక గుండ్రంగా సర్దుకునేది. వదులున్న చోట గీత వంకర పోయేది. ఆయన తప్పెటకు వంక పెట్టినవాడు లేడు.

ఒకరోజు పెద్దమ్మ పక్కన కూర్చుని పాడుకుంటుంటే, తట్టకుండానే ఇసుక కదిలింది. వెంటనే ఓ పాత కుండకు పక్కన బెజ్జం చేసి, మూతికి మేకపిల్ల తోలు బిగించాడు. ఆమె బెజ్జం దగ్గర నోరు పెట్టి పాడితే, స్వరం నిలిచినప్పుడల్లా తోలు మీద ఇసుక వలయాలుగా, పువ్వులుగా తీరేది. పదేళ్ల తర్వాత పెళ్లాం పాట ఆయనకు అందింది. ఆ సంతోషం ఇంతా అంతా కాదు.

సంగతి విని చూడవచ్చిన సంఘపెద్ద దావీదురాజు గుండె గుభేలుమంది. మావాళ్లు ఏసును నమ్ముకున్ననాడే వాకిట ముగ్గు మానేశారు మరి.

"చెయ్యి పెట్టకుండా ముగ్గు పడ్తాండాదే! ఇది దయ్యాల పని. కుండ పగలగొట్టు. లేదంటే ఆదివారం ప్రభువు బల్లకు రావద్దు."

పెద్దమ్మ సైగలతో చెప్పేసరికి పెదనాయన ముఖం పాలిపోయింది. గుడిలో అందరితో కలిసి రొట్టె, ద్రాక్షరసం అందుకునే ఆ బల్ల వదులుకోలేడు. కుండ పగిలితే ఆమె పాట మళ్లీ పోతుంది.

పెద్దమ్మకు ఒళ్లు మండింది. "దేవుని పాటకు పడే ముగ్గు పెద్దయ్యా ఇది! నువ్వే పాడి చూడు."

దావీదురాజు గొంతు సవరించుకుని కీర్తన అందుకున్నాడు. ఇసుక చెల్లాచెదురైంది గానీ ఒక్క గీతా పడలేదు.

"చూస్తిరా? నా కాడికి దయ్యం రాల్యా!"

ఇసుకనే చూస్తున్న పెదనాయన నిదానంగా అన్నాడు. "పెద్దయ్యా, నీ గొంతు ఒగ చోట నిలబడల్యా. అందుకే గీత పడల్యా."

ఇరవై ఏళ్లుగా గుడిలో అందరికీ తెలిసిన ముచ్చటే అది. చెప్పే ధైర్యం చెవులున్న ఒక్కరికీ లేకపోయింది. పెద్దమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. దావీదురాజు ముఖం కందగడ్డయింది. అయితే మనిషి శుద్ధ మొండి. మళ్లీ కూర్చున్నాడు. పెదనాయన వేలు పైకీ కిందికీ చూపిస్తుంటే గొంతు సర్దుకుంటూ, పొద్దు నెత్తికెక్కేదాకా పాడాడు. ఆఖరికి ఒక స్వరం నిలిచింది. ఇసుక చిన్న వలయమైంది.

"ఇది నాదేనా?" అన్నాడు దావీదురాజు, చిన్నపిల్లవాడి ముఖం పెట్టి.

ఆ పెదవులు చూసి పెదనాయన తలూపాడు.

దావీదురాజు కండువా దులుపుకుని లేచాడు. "ఆదివారం బల్లకు రాండి. కుండ మాత్రం జాగ్రత్త. శనివారం పొద్దున్నే నేనొస్తా, ఇంకో కీర్తన ఉండాది."

ఆయన గడప దాటగానే పెదనాయన ఆ వలయాన్ని చేత్తో చెరిపేసి, కొత్త ఇసుక చల్లాడు.

"ఇంగ నువ్వు పాడు విశ్వాసమ్మా," అన్నాడు.