అంచు కుట్టని బొంత

దయ్యాల మీద నాకు ఏనాడూ నమ్మకం లేదు. నలభై ఏండ్లు నాందేడ్‌లో పిల్లలకు సంస్కృతం చెప్పినవాణ్ణి. కంటికీ తర్కానికీ లొంగనిది కాలక్షేపానికే తప్ప విశ్వాసానికి పనికిరాదని తరగతి గదిలో ఎన్నిమార్లు చెప్పానో లెక్కలేదు. ఇప్పుడు ఇది వ్రాయడం ఆ అభిప్రాయం మారినందువల్ల కాదు. మా అక్క చేత నిజం చెప్పించాలని ఆమె బ్రతికి ఉన్నన్నాళ్ళూ ప్రయత్నించి విసిగిపోయాను. ఆమె ఒకే మాట మీద నిలిచి కన్నుమూసింది. ఇక చదువరులకు చెప్పుకోవడం తప్ప నాకు దారి లేదు.

ముందుగా మా అమ్మ సంగతి. ఎవరు ఏ ఊరికి బయలుదేరినా, కట్టిన మూటను విప్పి తనకు తోచిన బట్ట ఒకటి అందులో కుక్కి మళ్ళీ కట్టడం ఆమె అలవాటు. నేను ఒక క్రమంలో సర్దుకున్నదంతా ఆమె చేతిలో ఒక్క నిమిషంలో తారుమారయ్యేది. ఆమెది ఎడమచేతి వాటం. రెండు చుట్లు తిప్పి కొసను లోపలికి దోపి వేసే ముడి అది. ఊరు చేరాక దానిని పండ్లతో విప్పుకుంటూ నేను ఎన్నిమార్లు విసుక్కున్నానో చెప్పలేను.

చనిపోయేముందు ఆమె ఒక బొంత కుడుతూ ఉండేది. పాత చీరలు ఆరేడు పొరలుగా పరచి, దగ్గర దగ్గర కుట్లతో, నా భార్య సుభద్ర కోసం. సుభద్రకు ఊపిరితిత్తులు బలహీనం. మూడు అంచులు పూర్తయి నాలుగవది సగంలో ఉండగా అమ్మ పోయింది.

పోయినవారి పడక పదకొండవనాటికి ఇంట ఉండరాదని మా ఇంటి ఆచారం. ఆ బొంత అమ్మ మంచం మీద ఉన్నది కనుక అదీ పడకలో భాగమేనని నేను నిర్ణయించాను. పక్కబట్టలతో పాటు దానినీ గంగవ్వకు ఇచ్చివేశాను. గంగవ్వ ముద్ఖేడ్ నుంచి రైలులో వచ్చి మాకు వెన్న అమ్మే వృద్ధురాలు. అమ్మ దానిని ఒక్కరోజైనా కప్పుకోలేదని నాకు తట్టలేదు. విధవరాలై మాతోనే ఉంటున్న అక్క ఊరుకోలేదు.

“కోడలి కోసం కుట్టిన బొంత గంగవ్వ పాలు జేస్తివి. గింత చదువు చదివి ఏం లాభం తమ్మీ?”

ఆమె అన్నది నిజమే. కానీ ఇచ్చినదానిని తిరిగి అడగడం ధర్మం కాదు. అడగలేదు.

రెండేండ్లకు, డెబ్బైల నడుమ, ఒక వానాకాలంలో సుభద్రకు నిమోనియా వచ్చి చావు తప్పింది. చలికాలం గడిచినా దగ్గు వదలలేదు. వేసవిలో నాందేడ్ ధూళి పడదనీ, కొండగాలి మేలు చేస్తుందనీ డాక్టరు అన్నాడు. ఆ వెంటనే, తడిసి వణికిందంటే మళ్ళీ మంచం పట్టవచ్చనీ, ఈసారి లేవడం కష్టమనీ అన్నాడు. రెండు మాటలూ ఒకే నోటితో ఎట్లా అన్నాడో నాకు నేటికీ అర్థం కాదు.

విదర్భ కొండల మీది చిఖల్దరా వెళ్ళాలని నిశ్చయించాను. అక్కడి వాతావరణం ఎట్లా ఉంటుందని ఆరుగురిని అడిగితే ఆరు ఋతువులు చెప్పారు. ఒకరు మే నెలలో అక్కడా ఎండేనన్నారు. ఒకరు రగ్గు లేకుండా అడుగు పెట్టవద్దన్నారు. వజీరాబాద్ బజారులో మిట్టమధ్యాహ్నం ఉన్ని స్వెటర్ అడిగితే దుకాణదారు నన్ను బల్ల మీద కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇప్పించాడు. ఎండదెబ్బ తగిలిందనుకున్నాడు పాపం.

మూడు రోజులు సర్దాను. ఒక ట్రంకు పెట్టె, పక్కబట్టలు చుట్టిన ఒక హోల్డాల్, కిరోసిన్ స్టవ్ సంచి, తినుబండారాల బుట్ట, విడి దుప్పట్ల మూట ఒకటి. నేను పెట్టినది అక్క తీసింది. అక్క పెట్టినది నేను తీశాను. చివరికి హోల్డాల్ పట్టీలు అందక, ఉన్న రెండు రగ్గులలో ఒకటి నా చేతులతోనే తీసివేశాను. చెమటలు కారుతున్నవాడికి చలి ఎట్లా గుర్తుంటుంది? విడి దుప్పట్ల మూట నేనే కట్టాను. అందులో నూలు దుప్పట్లు నాలుగు, అంతే.

పూర్ణాలో బండి మారి, అకోలాలో దిగి, రెండు బస్సులెక్కి కొండ చేరాము. విశ్రాంతిగృహపు కాపలాదారు మరాఠీ ముసలివాడు. ఇక్కడి ఆకాశాన్ని నమ్మవద్దని మొదటిరోజే చెప్పాడు. మూడు రోజులు నీలాకాశం చూసి నేను నమ్మాను.

నాలుగవనాటి మధ్యాహ్నం లోయ చూద్దామని నడిచి వెళ్ళాము. కూర్చోవడానికి ఉంటుందని ఉన్న ఒక్క రగ్గూ చంకన పెట్టుకున్నాను. పది నిమిషాలలో మబ్బు దిగి, గాలి వీచి, వడగండ్లు మొదలైనాయి. తలదాచుకోవడానికి చెట్టు కూడా దగ్గర లేదు. గదికి చేరేసరికి సుభద్ర పెదవులు నల్లబడ్డాయి. పండ్లు టకటక కొట్టుకుంటున్నాయి. చీర మార్చుకుంది కానీ వణుకు ఆగలేదు. రగ్గు పిండితే నీళ్ళు కారాయి. పరచి ఉంచిన హోల్డాల్ మీద పైకప్పు కారి అదీ తడిసింది. డాక్టరు మాట నా చెవిలో మ్రోగుతూనే ఉంది. తీసివేసిన రెండవ రగ్గు నాందేడ్‌లో, మా పెట్టెలో, వెచ్చగా ఉంది.

మిగిలింది గోడవారన ఉన్న విడి దుప్పట్ల మూట. అంతవరకు దానిని విప్పే అవసరం రాలేదు. త్రాడు కొస పట్టి లాగాను. రాలేదు. వంగి చూస్తే రెండు చుట్లు, కొస లోపలికి దోపి ఉంది.

మొదట నాకు వచ్చింది కోపమే. అక్క మళ్ళీ నా మూట విప్పి అమ్మ ముడి వేసిందని తిట్టుకుంటూ, పాత రోజులలో లాగానే పండ్లతో విప్పాను. లోపల బొంత ఉంది. మూడు అంచులు కుట్టి, నాలుగవది సగంలో ఆగి, దారపు కొస వ్రేలాడుతున్న బొంత.

ఆలోచించే వ్యవధి లేదు. సుభద్రకు చుట్టాను. కాపలాదారు నిప్పుల కుంపటి తెచ్చాడు. ఎంత దగ్గర కుట్టో చూడండి, ఇట్లాంటి గోధడీ ఈ రోజులలో ఎవరు కుడతారని బొంతను తడిమి మెచ్చుకున్నాడు. అతడూ చూశాడు గనుక ఈ మాట వ్రాస్తున్నాను. కర్పూర తైలం ఆమె ఛాతీకి రాస్తుంటే నా మోచేయి తగిలి సీసా ఒరిగింది. కుట్టని అంచు దగ్గర అరచేయంత మరక పడింది.

వణుకు తగ్గాక సుభద్ర కళ్ళు తెరిచి బొంతను చూసుకుంది.

“అత్తమ్మ నాకోసం కుట్టింది గద ఇది. గంగవ్వనడిగి తెచ్చిన్రా?”

ఆమె ముఖంలో ఎన్నాళ్ళుగానో లేని వెలుగు ఉంది. కాదనలేకపోయాను. ఆ సాయంత్రానికి ఆమె లేచి కూర్చుంది. జ్వరం రాలేదు.

తిరుగు ప్రయాణంలో ఆ బొంతను నేనే మడిచి, ఆ మూటలోనే పెట్టి, నా ముడి వేశాను. దారిలో మూట నా కాళ్ళ దగ్గరే ఉంది. సాయంత్రం ఇల్లు చేరి విప్పితే ముడి నాదే. లోపల నాలుగు నూలు దుప్పట్లు ఉన్నాయి. బొంత లేదు.

అక్కను నిలదీశాను. గంగవ్వ దగ్గర ఉన్నదాన్ని నేనెట్ల తెస్త, నీకేమన్న అయిందా అని ఆమె నా నుదురు పట్టి చూసింది. మరునాడు ఉదయం మొదటి బండికి ముద్ఖేడ్ వెళ్ళాను. గంగవ్వ మోకాలు వాచి, ఉగాది నుంచి గడప దాటలేదట. ఆ మాట ఇరుగుపొరుగువారు కూడా చెప్పారు.

“ఎండల బొంత కోసం అచ్చినవా సారూ?” అని నవ్వి, మనుమరాలి చేత సందుగ తెరిపించింది. బట్టలన్నిటి అడుగున బొంత ఉంది. తీస్తుండగానే కర్పూరం వాసన వచ్చింది. కుట్టని అంచు దగ్గర అరచేయంత మరక ఉంది. ఈ మరక ఎక్కడిదని గంగవ్వ మనుమరాలిని కోప్పడింది. ఆ పిల్ల ఏడ్పు ముఖం పెట్టింది.

ఊరికే చూద్దామని వచ్చానని అన్నాను. గంగవ్వ బొంత అంచు తడిమింది.

“అంచు గూడ కుట్టకపాయె. ఎవలకోసమో కుడుతున్నట్టుండె. నాకు కప్పుకోబుద్ధి గాలే సారూ. తీస్కపో.”

ఇచ్చినది అడగరాదని ఆచారం చెప్పబోయాను.

“నువ్వు అడుగుతలేవు గద. నేనిస్తున్న.”

ఆ నాలుగవ అంచు సుభద్ర కుట్టుకుంది. ఆ బొంత కప్పుకునే చాలా చలికాలాలు దాటింది. మరక ఉతికినా పోలేదు.

అక్క చేసిందనుకుంటే మరక కుదరదు. నేను భ్రమపడ్డాననుకుంటే కాపలాదారు కుదరడు. ఎటు నుంచి తర్కించినా ఏదో ఒకటి మిగిలిపోతూనే ఉంది. దయ్యాల మీద నాకు ఇప్పటికీ నమ్మకం లేదు. అయినా ఊరికి మూట కట్టినప్పుడు చివరి ముడి మాత్రం నేను గట్టిగా బిగించను.