వేలికంటిన సున్నం

ఆ రోజుల్లో, అంటే రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, మెదడు గురించి నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదని నా గట్టి నమ్మకం. విశాఖపట్నంలో పరిశోధన చేసేవాణ్ణి. ఎలుక పిల్లల మెదడులోంచి తీసిన మూలకణాలను గాజు పళ్ళేల్లో పెంచుతూ, వాటికి పోసే ద్రవంలో కాల్షియం కాస్త తగ్గిస్తే ఎలా పెరుగుతున్నాయి, కాస్త పెంచితే ఏమవుతున్నాయి అని చూడడం నా పని. (కణాలకన్నా నా గొప్పలే ఎక్కువ పెరిగేవి.) ఎవరు కనబడితే వాళ్ళకి ఇదంతా వినిపించేవాణ్ణి. సొంతూరు వెళ్దామని పలాస స్టేషన్లో దిగితే తెలిసిన ఆటోవాళ్ళు కూడా ముఖం తిప్పుకునేవారు. ఈ వాగుడు వల్లే అప్పటికి రెండు సంబంధాలు తప్పిపోయాయి. "ఎలకల్ని కోసీవోడికి పిల్లనెలాగిత్తాం?" అన్నారట ఒకరు.

మూడోది కాశీబుగ్గ సంబంధం. ఫోటో చూసినప్పుడే మనసు పారేసుకున్నాను. ఇదీ తప్పిపోతే ఎలాగని ఒకటే బెంగ. పెళ్ళిచూపులకి వెళ్తుంటే దారంతా మావయ్య నూరిపోస్తూనే ఉన్నాడు. "ఒరే, ఈసారైనా నోరు మూసుకుని కూకో. అడిగిందానికే సెప్పు." బుద్ధిగా తలూపాను.

అమ్మాయి తండ్రి జీడిపప్పు వ్యాపారి, పెద్దగా మాట్లాడే మనిషి కాదు. ఆయన పక్కనే తమలపాకుల పళ్ళెం ముందు పెట్టుకుని వాళ్ళమ్మ, అంటే అమ్మాయి నాయనమ్మ, కూర్చుంది. "ఏటి పని బాబూ నీది?" అంది. అంతే, మావయ్య కాలు తొక్కుతున్నా ఆగలేదు నేను. "మామ్మగారూ, మీ సున్నంలో ఉన్నదే కాల్షియం. ఆకుకి సున్నం తక్కువైతే నోరు పండదు, ఎక్కువైతే పొక్కుతుంది. మెదడు కణాలకీ అంతే, మోతాదే ముఖ్యం" అంటూ ఓ ఆకు అందుకున్నాను. ఆ మోతాదేదో చూపిద్దామని సున్నపుకాయలో వేలు పెట్టేసరికి తలుపు తెర పక్కన అమ్మాయి కనబడింది. నా కళ్ళు అక్కడ, వేలు ఇక్కడ. ఎంత రాశానో చూసుకోకుండా ఆకు చుట్టి నోట్లో పెట్టేసుకున్నాను.

నాలుక భగ్గుమంది. ఉమ్మితే మర్యాద పోతుంది, మింగితే ప్రాణం పోతుంది. సరిగ్గా అప్పుడే అమ్మాయి తండ్రి గొంతు సవరించుకుని, "ఒక్కతే కూతురు బాబూ. బాగా సూసుకుంటావా?" అన్నాడు. తలూపాను. కళ్ళంట బొటబొటా నీళ్ళు. "అయ్యో, పిల్లోడు ఏడిసేత్తన్నాడ్రా! ఎంత మెత్తని మనసో!" అంది మామ్మ. ఆయన కూడా కండువాతో కళ్ళొత్తుకున్నాడు. ఆ తర్వాత ఎవరేమడిగినా నా జవాబు ఊఁ, లేకపోతే ఊహూఁ.

కాఫీ తేవలసిన అమ్మాయి పళ్ళెంలో పచ్చికొబ్బరి ముక్కలు తెచ్చి నా ముందు పెట్టింది. నాకొక్కడికే వినబడేలా, "నమలండి, మంట తగ్గుతాది" అంది.

తిరుగు బస్సులో మావయ్య నా వీపు తట్టి, "ఒప్పేసుకున్నార్రా! కుర్రోడు పెద్దగా మాటాడ్డు, అదే నచ్చిందట" అన్నాడు. ఏదైనా అందామంటే నాలుక తిరగలేదు.

అంతా చూసి కూడా ఎలా ఒప్పుకున్నావని పెళ్ళయ్యాక ఆవిణ్ణి అడిగాను. "నన్ను సూత్తానే కదా అంత సున్నం రాసుకున్నారు. నోరంతా కాలిపోతున్నా లేచి పోలేదు. అంతకన్నా ఏటి కావాలి?" అంది. మెదడు మీద అన్నేళ్ళు పనిచేసినా నాకు తట్టని సంగతి అది.

మామ్మ పోయాక ఆ సున్నపుకాయ మా ఇంటికి చేరింది. నేనెప్పుడైనా మూలకణాలంటూ మొదలుపెడితే మా ఆవిడ దాన్ని తెచ్చి నా ముందు పెడుతుంది. చూడగానే ఆ వాగుడుకాయ కుర్రాడు గుర్తొస్తాడు. వాడు ఇప్పుడు ఎదురుపడితే చాలా బుద్ధులే చెబుతాను గాని, వేలికి సున్నం ఎక్కువైందిరా అని మాత్రం చెప్పను.