నువ్వుగింజ నానిన నోరు

జేబులో సెల్‌ఫోను కనిపిస్తే చాలు, మనిషి గొప్పవాడైపోయే ఆ రోజుల్లో నేను అంతకన్నా గొప్పదొకటి సంపాదించుకున్నాను. సత్యవ్రతం. రాజమండ్రిలో ఒక బట్టల షాపులో సేల్స్‌మన్‌గా చేరిన కొత్తలో స్నేహితుడొకడు లాక్కెళితే బౌద్ధుల ధ్యాన శిబిరంలో కూర్చుని, కాళ్ళు తిమ్మిరెక్కించుకుని, పంచశీలాలు పుచ్చుకుని తిరిగొచ్చాను. జీవహింస చేయనన్నందుకు చేపలు మానేశాను. అది ప్రాణం మీదికొచ్చింది (అమ్మ పోయాక నన్ను పెంచిన మావయ్యది కొవ్వూరు గట్టున చేపలు పట్టే ఇల్లు). అబద్ధం మానడం మాత్రం మహా హాయిగా ఉండేది. మాట నిజమై ఉండాలి, మేలు చేసేదై ఉండాలి, సమయమెరిగి రావాలి అని అక్కడ సాయంత్రం ప్రసంగంలో చెప్పారట. మొదటిది విని, మిగతా రెండింటి దగ్గర నేను కునుకు తీశాను.

షాపులో నా వ్రతం వారం కూడా సాగలేదు. "ఈ చీర రంగు పోతుందా బాబూ?" అని ఒకావిడ అడిగితే, "పోతుందండి, మొదటి ఉతుక్కే" అన్నాను. ఆవిడ నాకు దణ్ణం పెట్టి ఎదురు షాపులోకి వెళ్ళిపోయింది. ఓనరుగారు నన్ను గోడౌన్‌లో పడేస్తూ, "ఇక్కడ తానులతో చెప్పుకోవయ్యా నీ నిజాలు, అవి బేరం మానుకుని పోవు" అన్నారు. ఇంట్లో అత్తయ్య పెట్టిన పప్పుచారు నీళ్ళలా ఉందని చెప్పి మర్నాడు నిజంగానే నీళ్ళు తాగాను. వీటన్నిటినీ నేను త్యాగాల కింద జమ కట్టుకున్నాను.

ఆ వేసవిలోనే మావయ్యకి కడుపునొప్పి మొదలైంది. కాకినాడ ఆసుపత్రిలో పరీక్షలు చేసి, కాలేయమంతా కేన్సరు పాకిపోయిందని, ఇంటికి తీసుకెళ్ళి మనసుకు నచ్చినట్టు ఉండనివ్వమని అత్తయ్యతో చెప్పారు. మావయ్యకి మాత్రం కడుపులో పుండు అన్నాం. వానల్లో గోదారికి ఎర్రనీరు వచ్చేసరికి లేచి పడవెక్కుతావన్నాం. ఆ మాట పట్టుకుని ఆయన అరుగు మీద దిండుకి ఆనుకుని, పులస చేపల కోసం వల బాగుచేసుకుంటూ కూర్చునేవాడు. ఎర్రనీరు ఇంకా చాలా దూరంలో ఉంది. ఇంటిల్లిపాదికీ ఉన్న భయమల్లా పిన్ని గురించే. మావయ్యకి చెల్లెలు, నిడదవోలులో ఉండేది. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదని పేరు. అన్నని చూసుకోడానికొచ్చి గడప తొక్కగానే అత్తయ్య ఆవిడ చేత దేవుడి పటం మీద ఒట్టు వేయించింది. నా చేత ఎవరూ వేయించలేదు.

ఒక మధ్యాహ్నం మావయ్య తనని చూడ్డానికొచ్చిన వాళ్ళ ముందు నన్ను పట్టుకున్నాడు. "చేప తిననోడికి గోదారి గట్టెందుకురా అల్లుడూ? పోయి ఏ ఎడారిలోనో కూర్చో, నీ బుద్ధుడు ఒంటెల మీదొచ్చి కనపడతాడు" అన్నాడు. అందరూ పడీపడీ నవ్వారు. వాళ్ళు వెళ్ళిపోయాక కూడా ఆ నవ్వు నా చెవుల్లోనే ఉంది. అప్పుడు మావయ్య వల మీంచి తలెత్తకుండా, గొంతు మార్చి అడిగాడు.

"ఒరేయ్, నువ్వు అబద్ధమాడవంట కదా. చెప్పు. ఎర్రనీటికి నేను లేస్తానా?"

నేను శిబిరంలో నేర్పినట్టు ఊపిరిని గమనించుకున్నాను (ఆ మాత్రం గుర్తుంది మహానుభావుడికి). "లేవు మావయ్యా. అది పుండు కాదు" అన్నాను.

ఆయన చేతిలోని వల అల్లే వెదురు బద్ద పక్కన పెట్టాడు. మళ్ళీ ముట్టుకోలేదు. ఆ సాయంత్రం నుంచి గోడవైపు తిరిగి పడుకున్నాడు. అన్నం పెడితే, "ఎందుకే, గోదాట్లో పొయ్యి" అనేవాడు. ఎవరు చెప్పారని అత్తయ్య వీధి వినేలా ఏడిస్తే, అందరి కళ్ళూ పిన్ని మీదికే పోయాయి. "నీ నోరు పడిపోనూ! ఒట్టు వేసి మరీ చెప్పావా?" అంది అత్తయ్య. పిన్ని నోరు తెరిచింది. మంచం మీద మావయ్యని చూసింది. మూసేసింది. నేనూ మూసుకునే ఉన్నాను. అడగనిదానికి జవాబు చెప్పకపోవడం అబద్ధం కాదని శీలంలో ఒక మెలిక కనిపెట్టాను. ఎర్రనీరు రాకముందే మావయ్య పోయాడు. దినానికి కూడా అత్తయ్య పిన్నిని గడప తొక్కనివ్వలేదు. ఆవిడ రేవులో దూరంగా నిలబడి ఏడ్చి వెళ్ళిపోయింది. నేను రోజూ పొద్దున్నే కళ్ళు మూసుకుని సకల జీవులూ సుఖంగా ఉండాలని కోరుకుంటూనే ఉన్నాను. జీవుల్లో పిన్ని కూడా ఒకర్తేనని నాకు తట్టలేదు.

ఆ ప్రసంగంలోని మిగతా రెండు మాటలూ ఈమధ్య ఫోనులో ఎవరో పంపిన ఆడియోలో విన్నాను. నిడదవోలు వెళ్ళి, "పిన్నీ, మావయ్యకి చెప్పింది నేను" అన్నాను.

"తెల్సు" అంది, బెండకాయలు తరుగుతూ. "ఆ రోజే అన్నయ్య చెప్పేడు. కుర్రెదవ, ఆడి పేరు బయటికి రానివ్వకే, నువ్వెలాగూ వాగుడుకాయవే కదా, నీమీద వేసుకో అన్నాడు."

"మరి ఇన్నేళ్ళూ ఎవరికీ..."

"జన్మలో ఒక్కటి దాచేను. అదీ చెప్పెయ్యమంటావేంట్రా?"

చెప్పెయ్యమన్నాను. ఆవిడని వెంటబెట్టుకుని కొవ్వూరు వెళ్ళి, అత్తయ్య ముందు నేనే చెప్పాను. అత్తయ్య లేచి రెండు కంచాలు తెచ్చి, ఒకటి పిన్ని ముందు, ఒకటి తన ముందు పెట్టుకుంది. "తినొదినా, చల్లారిపోతాది" అంది. నాకు మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు. అంత న్యాయమైన భోజనం నేనెక్కడా చూడలేదు.

తిరుగు రైల్లో పిన్ని ఫోను తీసింది. నిడదవోలు చేరేలోగా తుని దాకా ఉన్న చుట్టాలందరికీ కథ చేరిపోయింది. ఒక్క చిక్కు. "పాపం పసివాడు, బుద్ధుడి మాట నమ్మి చెప్పేసేడంతే" అని ప్రతివాళ్ళకీ నన్ను వెనకేసుకొచ్చింది. అది తప్పు. బుద్ధుడికి ఇందులో ఏ పాపమూ లేదు. నలుగురిలో నన్ను చూసి నవ్వారు, ఆ మంటలో చెప్పాను. చెప్పినప్పుడు లోపల చల్లగా కూడా అనిపించింది. అందుకే ఇది రాస్తున్నాను. ఈసారి మూడూ చూసుకున్నాను. మాట నిజమే. పిన్నికి మేలే. ఇక సమయమంటారా, దాని దగ్గర ఆ బట్టల షాపు కుర్రాడు ఇంకా కునుకు తీస్తూనే ఉన్నాడు.