పిట్టకు పెట్టిన ముద్దుపేరు

నా చిన్నప్పుడు నేను పగబట్టిన శత్రువు ఒక్కటే, నా పేరు. పెంటమ్మ. నాకు ముందు పుట్టిన పిల్లలెవరూ దక్కలేదట. నేను పుట్టగానే మా నాయనను కన్న అవ్వ నన్ను చేటలో వేసి పెంటకుప్ప మీద కాసేపు పడుకోబెట్టి, పారేసిన బిడ్డనని చావును నమ్మించి, మళ్ళీ ఇంట్లోకి తెచ్చుకుందట. అందుకే ఆ పేరు. అవ్వకది ప్రాణం నిలబెట్టిన పేరు. నాకు మాత్రం బడిపిల్లలు ముక్కు మూసుకొని పిలిచే పేరు.

మా ఊరు నెల్లూరుకు తూర్పున, సముద్రం పక్కన. మా నాయన పడవ మీద వేటకు పోయేవాడు. ఊళ్ళో చదువు అయిపోయి నన్ను పెద్దబడిలో చేర్చాల్సిన వేసవిలో నేను మొండికేశాను. మంజుల అని రాయిస్తేనే పోతాను, లేకపోతే చదువే వద్దన్నాను. నాయన సరేనన్నాడు. అవ్వ గుండెలు బాదుకుంది. "ఆ పేరు తీసేసినావంటే నా బిడ్డ నాకు దక్కదు రా!" అని నాయన మీద అరిచి, అన్నం ముట్టకుండా కూర్చుంది. నేనేమన్నా తక్కువ తిన్నానా, విసురుగా గడప దాటి పక్కింటి అక్క దగ్గరికి పోయాను.

అక్క నెల్లూరులో కాలేజీ చదువుతూ సెలవులకు వచ్చి ఉంది. మధ్యాహ్నం వేళ. సరుగుడు తోటలో గాలి సన్నగా ఈల వేస్తోంది. ఇసుక మీద నీడలు ఊగుతుంటే కళ్ళు వాటంతటవే మూతపడుతున్నాయి. తాటిమట్టల దడి మీద ఒక నల్లంచి వాలి, తోకెత్తి తీయగా కూసింది. ఆ చిన్న నల్లపిట్టను ఇంగ్లీషులో రాబిన్ అంటారని అక్క చెప్పింది. నా ఏడుపు నాకుండగా, పిట్టకు కూడా మంచి పేరుందని కుళ్ళుకున్నాను.

అక్క నవ్వి ఆ పేరు పుట్టుక చెప్పింది. అసలు రాబిన్ ఇంగ్లీషువాళ్ళ దేశపు పిట్టట. మొదట్లో దాన్ని ఎర్రరొమ్ము పిట్ట అనేవాళ్ళు. చలికాలంలో చాలా పిట్టలు వెళ్ళిపోయినా, అది మాత్రం పెరటి గుమ్మం దగ్గరే తిరుగుతుండేది. దాంతో ఇంట్లో పిల్లవాణ్ణి పిలిచినట్టు ఆ పేరుకు ముందర ఒక ముద్దుపేరు తగిలించారు. మనం వెంకటేశ్వర్లును ఎంకడన్నట్టే, వాళ్ళకు రాబర్టంటే రాబిన్. పోనుపోను ఎర్రరొమ్ము ఊడిపోయి ముద్దుపేరే మిగిలింది. మన దేశం వచ్చాక, ఇంటి మీద బెంగతోనేమో, మన నల్లంచికీ అదే పేరు పెట్టుకున్నారు.

"పిట్టనడిగే పెట్టినారా అక్కా?" అన్నాను ఉక్రోషంగా.

"పిట్టకెందుకు మే పేరు? పిలుచుకునేవాళ్ళకి గదా కావాల్సింది" అంది అక్క.

అక్క ఒడిలో తల పెట్టుకొని, పిట్ట కూతా సముద్రపు హోరూ కలిసిపోతుంటే నిద్రపోయాను. దడి అవతల నుంచి అవ్వ గొంతు వినిపించి మెలకువ వచ్చింది. "పెంటమ్మా... అమ్మా పెంటమ్మా..." రోజూ వినే పిలుపే. ఆ రోజు మొదటిసారి అందులో భయం వినపడింది. నేను కంటికి కనపడని ఆ కాసేపట్లో ఆమె ప్రాణం ఎక్కడెక్కడ తిరిగొచ్చిందో! పరుగెత్తిపోయి ఆమెను వాటేసుకున్నాను. మంజుల సంగతి మళ్ళీ ఎత్తలేదు.

పెద్దబడిలోనూ నవ్వారు, తర్వాత ఉద్యోగంలోనూ నవ్వారు. కుండకు మూకుడుంటుంది గాని లోకానికి మూకుడుండదు కదా. మొన్న మనవరాలు నా ఆధార్ కార్డు చూసి, ఇప్పుడైనా మార్పించుకోరాదా అమ్మమ్మా అంది. వద్దన్నాను. మా అవ్వ ఫోటో ఒక్కటి కూడా లేదు నా దగ్గర. ఆమె పిలుచుకున్న పేరే ఉంది.