ఆరు విజిల్ల ఫలాఫెల్

మొన్న ఐతారం నేను కడాయిల ఫలాఫెల్ ఏసిన. ఒక్కటి గూడ బయటికి రాలే. ఎటువోయినయో చెప్త, నవ్వుకుంటె నవ్వుకోండి.

నా సంగతి మీకు ఎరుకనే. మస్కట్‌ల తొమ్మిదేండ్లు మేస్త్రీ పని చేసి వచ్చి, ఇప్పుడు వనపర్తిల స్కూల్ బస్సు నడుపుతున్న. బిడ్డ నర్సింగ్ చదువుకని నా భార్య గూడ హైదరాబాద్‌లనే ఉంటది, ఆడ హాస్టల్‌ల వంట చేస్తది. నేనిక్కడ మేడ మీద ఒక్క రూముల. వారమంత పిల్లలు "అంకుల్, అంకుల్" అని చెవులు తింటరు. ఐతారమొస్తె పిలిచేటోళ్లే ఉండరు. ఫ్యాన్ చప్పుడు వినుకుంట కూసుంట.

ఆ పొద్దు మస్కట్ రూము యాదికొచ్చింది. శుక్రవారం సెలవు. సూడాన్ నుంచి వచ్చిన హసన్ భాయ్ శనగలు రుబ్బి ఫలాఫెల్ ఏస్తుండె. మన గారెల తీరుగ, పైన కరకర, లోపల పచ్చగ. ఉల్లిగడ్డలు కోసుడు నా డ్యూటీ. ఇప్పుడు ఆ రూమోళ్లం తలా ఒక దిక్కు. వాట్సాప్ గ్రూప్ ఒక్కటి మిగిలింది, అండ్ల గూడ నెలల సంది ఎవ్వరు పలకలే. ఏం బుద్ధి పుట్టిందో, "ఈ రోజు నా రూముల ఫలాఫెల్, ఫోటో పెడ్త" అని రాసిన. అయిదు నిమిషాలల్ల అందరు లేసిన్రు. "కుర్మయ్య భాయ్, జల్దీ పెట్టు" అన్నడు ఒకాయన. ఇగ చేయక తప్పదు.

కాబూలీ శనగలు కుక్కర్ల ఏసి ఆరు విజిల్లు రానిచ్చిన. బిడ్డ ఇడిచిపోయిన జ్యూస్ బ్లెండర్ల ఆ శనగలు, కొత్తిమీర, ఎల్లిగడ్డ, జిలకర నింపి స్విచ్ ఏసిన. గుర్రుమంటది గని తిరగదు. జరన్ని నీళ్లు పోసిన. కింద తిరుగుతుంది, పైన గట్లనే కూసుంది. మూత తీసి గరిటెతోని అదుముదామనుకున్న. స్విచ్ ఆపాలన్న సోయి లేదు. ముద్ద ఎగిరి ఫ్యాన్‌కు తగిలింది. ఫ్యాన్ దాన్ని నాలుగు గోడలకు సమంగ పంచింది. నా మీసాలకు గూడ వాటా దొరికింది.

మిగిలిందాన్ని ఉండలు చేసి కాగిన నూనెల ఇడిచిన. మొదటిది నురగ కక్కి మాయమైంది. దాని ఎంబడి రెండోది. నాలుగేసేసరికి నూనె పచ్చటి చారు లెక్క అయింది.

గ్రూపుల "ఫోటో ఏది?" అని ఒకటే అడుగుడు. సిగ్గిడిచి హసన్ భాయ్‌కి వీడియో కాల్ చేసిన.

"శనగలు ఉడకబెట్టినవా?" అని హిందీల అడిగిండు.

"అవును."

"ఎందుకు?"

"తినాలె కద భాయ్."

హసన్ భాయ్ కండ్లల్ల నీళ్లొచ్చేదాక నవ్విండు. "రాత్రంత నానబెట్టి పచ్చివే రుబ్బాలె. తొమ్మిదేండ్లు నా పక్కనే నిలవడి ఏం చూసినవ్?"

నేను చూసింది ఉల్లిగడ్డలు. కండ్లు మూసుకునే కోస్తుంటి.

గంతల మెట్ల మీద అడుగుల చప్పుడు. కింద ఉండే ఇంటామె, ఈశ్వరమ్మ. ఏడు నెలల్ల ఆమెకు నాకు నీళ్ల మోటరు ముచ్చట తప్ప వేరే మాట లేదు.

"ఏం కూలింది నాయినా?" అనుకుంట లోపలికొచ్చి, గోడలు చూసి, నా మీసాలు చూసి, గిన్నెల మిగిలిన ముద్దల వేలు పెట్టి నాకింది.

"బెల్లం ఏస్తె భక్షాలకు పూర్ణం అయితుండె. ఎల్లిగడ్డ ఏసి కరాబ్ చేసినవ్."

గట్లని ఊకోలే. కిందికి పోయి నాలుగు జొన్నరొట్టెలు తెచ్చింది. ఆ ముద్దల నిమ్మకాయ పిండినం. ఇద్దరం మెట్ల మీద కూసొని అద్దుకొని తిన్నం. మంచిగనే ఉండె.

"మా ఆయన పోయినంక రొట్టెలు ఎన్ని చేయాల్నో అందాజ తప్పింది. రోజు మిగుల్తయి," అన్నది.

ఇంకో రొట్టె అడిగి తీసుకున్న.

లేసి పోయేటప్పుడు వెనక్కి తిరిగి అడిగింది: "వచ్చే ఐతారం ఏం కరాబ్ చేస్తవో ముందుగాల చెప్పు నాయినా. దానికి తగ్గట్టు పిండి కలుపుకుంట."

అప్పటిసంది అదే ఆలోచన. నాకు చేయరాని వంట ఏదన్న తెలిస్తె చెప్పండి.