గోడవతలి సినిమా

మా పెద్దమ్మ ప్రభావతి ఒక సినిమాను నెలల తరబడి విన్నది. ఒక్కసారీ చూడలేదు.

ఆమె కాపురానికి వచ్చిన కొత్తలో, చిక్కడపల్లిలో వాళ్ల కిరాయి గది ఒక టాకీసు వెనుక గోడను ఆనుకుని ఉండేది. కొత్త కోడలు సినిమాకు పోవడం అత్తగారికి గిట్టదు. కానీ గోడ నోరు ఎవరు మూయగలరు? మధ్యాహ్నం ఆట మొదలవగానే పెద్దమ్మ చాటలో బియ్యం పోసుకుని గోడకు వీపు ఆనించి కూర్చునేది. రాళ్లు ఏరుతూ ఏరుతూ కళ్లు మూసుకునేది. చల్లటి సున్నపు గోడలోంచి పాటలు మెల్లగా ఒంట్లోకి దిగేవి. కథానాయికకు తనకు నచ్చిన చీర కట్టించేది, సినిమాలోని ఇంటి ముందు తనకు నచ్చిన పారిజాతం నాటేది. ఆ సినిమా సగం ఆమెదే.

తర్వాత ఇల్లు మారారు. అత్తగారు పోయారు, టీవీ వచ్చింది. టీవీలో ఆ సినిమా వేసిన రోజే కరెంటు పోయింది. పెద్దమ్మ నవ్వి, చీకట్లో మిగతా కథంతా మాకు చెప్పింది.

అందులో ఆమెకు ప్రాణమైన ఘట్టం ఒకటుంది. చెప్పకుండా పెళ్లి చేసుకున్న కూతురు తిరిగొచ్చి, గుమ్మంలో నిలబడి “అమ్మా, వచ్చాను” అంటుంది. తల్లి పలకదు. చాలాసేపు ఏ చప్పుడూ ఉండదు. తర్వాత కూతురి ఏడుపు.

“తల్లంటే గట్లుండాలె. ఒక్క మాట అనలే, గుమ్మం దాటనియ్యలే” అనేది పెద్దమ్మ.

అన్నంత పనీ చేసింది. ఆమె కూతురు అనిత, తనతో పనిచేసే అబ్బాయిని రిజిస్టరాఫీసులో పెళ్లాడి వచ్చి గుమ్మంలో నిలబడితే, పెద్దమ్మ తలుపు పట్టుకుని పలకకుండా నిలబడింది. అనిత ఏడ్చి వెళ్లిపోయింది. అశోక్‌నగర్‌లో కాపురం పెట్టింది. అదెంత దూరం? కూరగాయలకు పోయి వచ్చినంత. రెండేళ్లయినా ఈ తల్లీకూతుళ్లు అంత దూరం నడవలేదు. నాకైతే ఇద్దరి మీదా ఒళ్లు మండేది.

తొంభై అయిదులో ఆ సినిమా నారాయణగూడలో మార్నింగ్ షోకు వచ్చింది. నేనే తీసుకుపోయాను. పెద్దమ్మ అలవాటు కొద్దీ కళ్లు మూసుకుంది.

“పైసలు పెట్టి కండ్లు మూసుకునుడేంది పెద్దమ్మా?” అన్నాను.

తెరిచింది. బొమ్మ నిండా గీతలే. అయినా పది నిమిషాల్లో గీతలు కనబడడం మానేశాయి, అంత బాగుంది. “నా పారిజాతం చెట్టేది?” అని పెద్దమ్మ చిన్నపిల్లలా గొణిగింది.

గుమ్మం ఘట్టం వచ్చింది. “అమ్మా, వచ్చాను.” తల్లి పలకలేదు. పలకకుండానే కూతురి చెయ్యి పట్టి లోపలికి తీసుకొచ్చింది. పీట వేసింది. అన్నం కలిపి ముద్ద నోటికందించింది. కూతురు ఏడ్చింది అప్పుడు.

పెద్దమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. “భానూ, గోడకు ఇది ఇనపడలే బిడ్డా” అంది. సగంలోనే లేచింది.

రిక్షా ఎక్కి అశోక్‌నగర్ పోనియ్యమంది. ఎండ, చెట్లు, దుకాణాలు నీళ్లలో కదులుతున్నట్టు వెనక్కి పోయాయి. అనిత తలుపు తీసి బిత్తరపోయింది.

“ఏందమ్మా? ఏమన్న అయిందా? మాట్లాడవేంది?”

పెద్దమ్మ పలకలేదు. కూతురి చెయ్యి పట్టుకుని, తన ఇల్లే అయినట్టు లోపలికి తీసుకుపోయింది.

నేను చెప్పులు విప్పుతూ వరండాలోనే ఆగిపోయాను. చాలాసేపు ఏ చప్పుడూ లేదు. తర్వాత అనిత ఏడుపు వినిపించింది.

విన్నదాన్ని నమ్ముకుని నేను బయట కూర్చోలేదు. లోపలికి వెళ్లి చూశాను. పెద్దమ్మ రెండో ముద్ద కలుపుతోంది.