సన్యాసిరావు పేరున వచ్చిన రాడ్డు

ఏడేళ్ళుగా ఒక కాగితాన్ని మోస్తున్నాను. మడిస్తే అరచేతిలో పట్టేంత కాగితం. అది ఎప్పుడో నా చేయి దాటిపోయింది. అయినా మోస్తూనే ఉన్నాను. నా నడక మారిపోయిందని మా ఆవిడ అంటుంది, మోకాళ్ళు చూపించుకోమంటుంది. మోకాళ్ళకేం లేదు.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. నా పేరు చెప్పను. ఆయన పేరు మాత్రం చెబుతాను. సన్యాసిరావు. ఆ పేరుని ఇదివరకే నాదిగా వాడుకున్నాను. ఎలా వాడుకున్నానో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

విజయనగరంలో నాకు ఆటవస్తువుల కొట్టు ఉంది. బ్యాట్లు, క్యారమ్ బోర్డులు, షటిల్ రాకెట్లు. వెనక గోడకి మాత్రం గేలాలు, రీళ్ళు, రాడ్లు. అవి పెద్దగా అమ్ముడుపోవు. నా సరదా కోసం పెట్టాను. నాకు చేపల వేటలో ఫ్లై ఫిషింగ్ అనేదాని మీద పిచ్చి. అందులో ఎర ఉండదు. కోడి ఈకలతో ఈగలాంటిది కట్టి, లావుపాటి దారాన్ని తల మీదుగా వెనక్కీ ముందుకీ ఊపి, ఆ ఈగని నీళ్ళ మీద మెల్లగా వాల్చాలి. దానికి తొమ్మిదడుగుల సన్నటి కార్బన్ రాడ్డు కావాలి. నా రాడ్డుని విశాఖపట్నంలో ఒకాయన దగ్గర వాడినది కొన్నాను. ముదురు ఆకుపచ్చ రంగు. పిడి దగ్గర కార్కు నా చేతికి తగ్గట్టు అరిగింది. నా పెళ్ళాం కంటే దాన్నే ఎక్కువ అపురూపంగా చూసుకునేవాణ్ణి.

సన్యాసిరావు దర్జీ. మా కొట్టు వెనక సందులో రెండు మెషిన్లు పెట్టుకుని ఉండేవాడు. నన్ను బావా అనేవాడు, నేనూ అలాగే పిలిచేవాణ్ణి. ఆదివారం వస్తే వెదురు గేలం పట్టుకుని చంపావతి గట్టుకి పోయేవాడు. ఒకసారి నాతో వచ్చి నా రాడ్డు చేతిలోకి తీసుకున్నాడు. నాకు రెండేళ్ళు లొంగని రాడ్డు ఆయనకి గంటలో లొంగింది. దారంతో బతికిన చెయ్యి కదా. తర్వాత ఈగలు కూడా తనే కట్టడం మొదలుపెట్టాడు. పుంజు మెడ ఈకలు, జాకెట్లకి వాడే జరీ పోగు. అంత అందమైన ఈగల్ని నేను మళ్ళీ చూడలేదు. అలాంటి రాడ్డే తనకీ కావాలన్నాడు. కంపెనీ నుంచి ఆయన పేరునే కొత్తది తెప్పిస్తానన్నాను.

ఆయన రాడ్డు రావడానికి వారం ముందు నాది విరిగింది. కొట్టు షట్టరు దించుతుంటే కొస దాని కింద పడింది. టప్‌మని చిన్న చప్పుడు. ఆ కంపెనీ వాళ్ళు జీవితకాలపు వారంటీ ఇస్తారు, కానీ మొదట కొన్నవాడికే. నేను రెండోవాణ్ణి. నా దగ్గర బిల్లూ లేదు, కార్డూ లేదు.

సన్యాసిరావు పార్సిల్ ఒక శుక్రవారం వచ్చింది. నేను విప్పి చూశాను. రాడ్డు, గుడ్డ సంచి, ఒక మడత కాగితం. ఆ కాగితానికి ఒక వైపు వారంటీ కార్డు. రెండో వైపు ఎర్ర గడిలో ఒక బొమ్మ. మనిషి రాడ్డు పైకెత్తి ఉంటాడు, పైన తీగ, మధ్యలో మెరుపు. కింద ఇంగ్లీషులో రెండు వాక్యాలు. కార్బన్‌లో కరెంటు పారుతుంది, కరెంటు తీగల దగ్గర ఈ రాడ్డు వాడకండి, అని.

చదివాను. చదవలేదని మీతో అబద్ధం చెప్పను.

ఆ కంపెనీ రాడ్ల మీద విడి నంబర్లు ఉండవు, మోడల్ పేరే ఉంటుంది. ఆయనదీ నాదీ ఒకటే మోడల్. ఆయన కార్డు, ఆయన బిల్లు నకలు పెట్టి నా విరిగిన రాడ్డు పంపితే నాకు కొత్తది వస్తుంది. ఆయన రాడ్డు ఆయన దగ్గరే ఉంటుంది. ఎవరికేం నష్టం? ఆ రోజు నాకు నేను వేసుకున్న ప్రశ్న అదొక్కటే. కార్డు వరకు కత్తిరించుకుని బొమ్మ ఉన్న ముక్క ఆయనకి ఇవ్వచ్చు కదా అనుకున్నాను. కానీ రెండూ ఒకే చోట వెనకా ముందూ ఉన్నాయి. బొమ్మ చూడమని చేత్తో పట్టుకుని చూపించినా చాలు, కార్డు కనిపిస్తుంది. కాగితాన్ని సొరుగులో పెట్టి తాళం వేశాను.

మర్నాడు ఆయన వచ్చాడు. రాడ్డుని రెండు చేతుల మీద పెట్టుకుని బరువు చూశాడు. తర్వాత జరిగిన మాటలు నేను ఒక్కటీ మరిచిపోలేదు.

"కాయితాలేటీ రానేదా బావా?"

"ఏటీ రాదు బావా. రాడ్డు, సంచి. అంతే."

"ఇరిగిపోతే మరి?"

"ఇరగదులే. నానున్నాను గదా."

నవ్వాడు. కొట్టు గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు. "జాగర్తలేటైనా ఉంటే సెప్పు బావా. ఎదురుకర్ర సంగతి నాకు తెల్సు. దీని సంగతి నాకేటి తెల్సు?"

ఆయన అడిగాడు. నోరు తెరిచి అడిగాడు. తీగ అన్న మాట నా నాలుక మీదకి వచ్చింది. ఆ ఒక్క మాట చెప్పడానికి కాగితం చూపించనక్కర్లేదు, ఎక్కడ చదివావని ఆయన నన్ను నిలదీసేవాడూ కాదు. మరి ఎందుకు చెప్పలేదు? ఏడేళ్ళుగా దీనికి రకరకాల జవాబులు వెతికాను. ఉన్న జవాబు ఇది: అప్పుడే ఆ కాగితం లేదని చెప్పాను కాబట్టి, ఆ కాగితంలోని ఏ మాట బయటికి వచ్చినా నేను దొరికిపోతానని నా వెర్రి భయం.

"ఎండలో పెట్టకు. తలుపు సందులో పడనీకు," అన్నాను.

"అలాగేలే," అని వెళ్ళిపోయాడు.

చంపావతి గట్టు మీద ఒకచోట పొలాల మోటార్లకి వెళ్ళే కరెంటు లైను అడ్డంగా దాటుతుంది. లైను ఉండాల్సిన ఎత్తులోనే ఉంది. గట్టే ఎత్తు. అక్కడ మడుగులో పరిగెలు బాగా తగులుతాయి. వెదురు గేలంతో ఆయన ఏళ్ళ తరబడి ఆ తీగ కిందే కూర్చున్నాడు. వెదురు గేలం పట్టేవాడు ముందుకే చూస్తాడు. ఫ్లై రాడ్డు ఊపేవాడూ ముందుకే చూస్తాడు, కానీ రాడ్డు, దారం ప్రతిసారీ పైకి లేచి వెనక్కి వెళతాయి.

మూడో ఆదివారం పొద్దున్న ఎనిమిదింటికి కబురొచ్చింది. నేను వెళ్ళేసరికి కరెంటు ఆపించి ఆయన్ని గట్టు మీద వెల్లకిలా పడుకోబెట్టారు. ముఖం మీద ఏమీ లేదు. తర్వాత వాడదామని టోపీకి గుచ్చుకున్న ఇంకో ఈగ అలాగే ఉంది, దాని జరీ ఎండకి మెరుస్తోంది. రాడ్డు కొస చీలిపోయి, నల్లటి పోగులు పోగులుగా విచ్చుకుని ఉంది. గాలి లేదు. అయినా ఆ పోగులు కదులుతున్నాయనిపించింది. జనం తలా ఒకటి అన్నారు. అమావాస్య నాడు ఏటికి ఎందుకొచ్చాడని ఒకరు, అమ్మవారు లాక్కుందని ఒకరు. నేను కూడా తలూపాను. లైను మళ్ళీ ఇచ్చాక పైన తీగ సన్నగా మూలగడం మొదలుపెట్టింది. ఆ చప్పుడు అక్కడ ఎప్పుడూ ఉండేదే. నేనే ఎన్నడూ వినలేదు.

అప్పటికే నా విరిగిన రాడ్డు, ఆయన కార్డు కొరియర్లో వెళ్ళిపోయి పదిరోజులైంది. ఆయన బతికి ఉండగానే, కార్డు మీద నేను రాసిన నా నంబరుకి కంపెనీ నుంచి ఒకసారి ఫోన్ వచ్చింది. సన్యాసిరావుగారేనా అంటే అవునన్నాను. అప్పుడు నాకు నవ్వొచ్చింది కూడా.

పదో రోజు కర్మకి వాళ్ళింటికి వెళ్ళాను. వాకిట్లో కుర్చీ మీద ఆయన ఫోటో, దండ. పక్కన ఆయన భార్య పైడమ్మ కూర్చుని ఉంది. నా ఫోన్ మోగింది. గోడవారకి వెళ్ళి ఎత్తాను.

"సన్యాసిరావుగారేనా అండీ మాట్లాడేది?" మర్యాదైన ఆడగొంతు.

ఫోటో నాకు ఎదురుగా ఉంది. కాదు, తప్పు నంబరు అని పెట్టేయవచ్చు. సన్యాసిరావు పోయాడు అనవచ్చు. మొదటిదంటే రాడ్డు పోతుంది, రెండోదంటే అక్కడ ఎవరైనా వింటారు.

"అవునండీ," అన్నాను.

"మీ క్లెయిమ్ ఓకే అయింది సార్. కొత్త రాడ్డు పంపిస్తున్నాం. ఇది లైఫ్‌టైమ్ వారంటీ సార్, మీరు ఉన్నంతకాలం చెల్లుతుంది."

సరేనన్నాను. థ్యాంక్స్ కూడా చెప్పాను. తిరిగొచ్చి ఆకు ముందు కూర్చుని అన్నం తిన్నాను.

పార్సిల్ వచ్చిన రోజు కొరియరతను గుమ్మంలో నిలబడి, "సన్యాసిరావు ఎవరండీ?" అని గట్టిగా అడిగాడు. కొట్టులో ఎవరూ లేరు. చెయ్యి ఎత్తాను. ఆయన పేరే సంతకం చేశాను. ఇక్కడ మీకొకటి చెప్పాలి. ఆ సంతకం నా రాతలా లేదు. పొడుగు అక్షరాలు, కుడికి వాలి, చివర ఒక కుట్టు లాంటి గీత. కొలతల పుస్తకంలో ఆయన అలా రాసేవాడు. నేను అనుకరించాలని అనుకోలేదు. చెయ్యి అలా వెళ్ళింది.

ఆ రాడ్డుని ఒక్కసారే బయటికి తీశాను. మా అత్తవారిది టెక్కలి. అక్కడికి వెళ్ళినప్పుడు ఒక మధ్యాహ్నం భావనపాడు తీరానికి తీసుకెళ్ళాను. కావాలనే ఆ చోటు చూసుకున్నాను. ఇసుక, నీళ్ళు తప్ప ఏమీ లేవు. స్తంభం లేదు, తీగ లేదు, వెనక చెట్టు కూడా లేదు. దారం ఊపాను. వెనక్కి వెళ్ళిన దారం ఆగింది. తిరిగి చూస్తే ఇసుక. మళ్ళీ ఊపాను. మళ్ళీ ఆగింది. గాలి అయితే లాగుతుంది, ముడి అయితే చిక్కుకుంటుంది. ఇది ఆ రెండూ కాదు. దారం తెంపేముందు దర్జీ దాన్ని రెండు వేళ్ళ మధ్య పట్టి ఎంత గట్టిదో చూస్తాడే, అలా, మెత్తగా పట్టుకుని వదిలేసినట్టు. మూడోసారి నేను వెనక్కి తిరగలేదు. తిరగడానికి భయం వేసింది. రాడ్డుని విడదీసి సంచిలో పెట్టాను. అది మళ్ళీ బయటికి రాలేదు.

ఏడాదికి ఒకసారి ఆ కంపెనీ నుంచి మెసేజ్ వస్తుంది. సన్యాసిరావుగారూ, మీ రాడ్డు ఎలా ఉంది, అని. మెషిన్ పంపేదని తెలుసు. అయినా మూడో ఏడు ఆ మెసేజ్‌కి జవాబు రాశాను. 'బాగానే ఉన్నాను' అని. రాడ్డు బాగానే ఉంది అని రాయబోయాను. పంపాక చూసుకున్నాను.

ఇదంతా నా భయం. భయం నాకు రావలసిందే. అసలు చెప్పుకోవలసింది పైడమ్మ సంగతి.

ఆవిడ ఆ రెండు మెషిన్లలో ఒకటి ఉంచుకుని కుట్టుపని చేస్తోంది. మా కొట్టుకి కావలసిన క్రికెట్ కిట్ల సంచులన్నీ ఆవిడ చేతే కుట్టిస్తాను. సందులో వాళ్ళందరితో నా గురించి, అన్నయ్య లేకపోతే నేనేటైపోదునో అని చెబుతుంది. సంచులు ఇచ్చినప్పుడల్లా కాసేపు ఏడుస్తుంది. ఏడ్చినప్పుడల్లా ఒకటే మాట. "ఆ దినం ఎల్లనా మాననా అని అడిగినాడన్నయ్యా. నానే ఎల్లమన్నాను." నేను ప్రతిసారీ, నీ తప్పేటీ నేదమ్మా, అంటాను. అది నాకు ఖచ్చితంగా తెలుసు కదా. ప్రపంచంలో నా ఒక్కడికే తెలుసు. అది తెలిసి కూడా ఏడేళ్ళు ఆ మాట ఆవిడ చేత అనిపించాను. సన్యాసిరావు విషయంలో నేను చేసింది ఒక్క రోజు పని. ఇది రోజూ చేసిన పని. రెండింట్లో ఏది పెద్దదని ఎవరైనా అడిగితే తడుముకోను.

మొన్న సోమవారం పగలు పదకొండింటికి వాళ్ళింటికి వెళ్ళాను. ఆవిడ మెషిన్ మీద ఉంది. నిలబడే చెప్పాను. షట్టరు, కార్డు, సొరుగు, గుమ్మంలో ఆయన అడిగిన మాట, నేను చెప్పిన జవాబు, పదో రోజు ఫోన్, కొత్త రాడ్డు. ఆవిడ కుడుతూనే ఉంది. ఆయన అడిగిన మాట దగ్గర మాత్రం చక్రం మీద చెయ్యి వేసి ఆపింది. నేను చెప్పడం అయిపోయేదాకా ఆ చెయ్యి తీయలేదు.

"బొమ్మ ఎంతుంటాది?" అంది.

"అగ్గిపెట్టంత."

"రంగుదా?"

"ఎర్రది."

ఆవిడ తన ముందున్న గుడ్డ కేసి చూస్తూ ఆలోచించింది. "ఆయనకి ఇంగిలీసు రాదు. ఎర్రబొమ్మైతే సూసుండీవోడు."

అంతే. అన్నయ్యా అనలేదు. కూర్చోమనలేదు, పొమ్మనలేదు. క్షమించమని అడుగుదామని వెళ్ళాను. అది కూడా ఆవిడ దగ్గర ఏదో పట్టుకుపోదామని వెళ్ళడమేనని అక్కడ నిలబడ్డాక తెలిసింది. అడగలేదు. గుమ్మం దాటి వచ్చేశాను.

సందు మలుపు దాకా రాకముందే వెనక ఏడుపు వినిపించింది. ఏడేళ్ళుగా నాకు తెలిసిన ఏడుపే. కానీ ఈసారి అందులో తన మాట లేదు. నానే ఎల్లమన్నాను అనలేదు. నా పేరు పెట్టి తిట్టింది. నా పేరు, నా తండ్రి పేరు, నా కొట్టు పేరు. సందులో జనం తలుపులు తీసి నా కేసి చూస్తున్నారు. చెప్పడానికి సిగ్గుగా ఉంది, అప్పుడు నాకు ఊపిరి ఆడింది. కదలకుండా నిలబడి, ఆవిడ ఆపేదాకా విన్నాను.